ఇరవై డాలర్ల నోటు వెనుక నిలబడ్డ చెట్టు

నమస్కారం. అమెరికా ఇరవై డాలర్ల నోటు, అందులోనూ 1998లో కొత్త రూపం రాకముందు అచ్చయిన పాత నోటు, మీ ఇంట్లో ఏ డైరీ మడతలోనో దాచి ఉంటే ఒకసారి బయటికి తీసి చూడండి. ముందువైపు ఆ దేశపు ఏడవ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ముఖం ఉంటుంది. తిరగేస్తే వాషింగ్టన్ నగరంలోని వైట్‌హౌస్ దక్షిణ ముఖం కనిపిస్తుంది. గుండ్రంగా ముందుకు వచ్చిన స్తంభాల వసారాకు ఎడమ పక్కన, గోడను ఆనుకొని గుబురుగా పెరిగిన పచ్చదనంలో జాక్సన్ మాగ్నోలియా అని పిలిచే చెట్టు ఉంది. చనిపోయిన భార్య గుర్తుగా జాక్సన్ నాటించాడని తరతరాలుగా చెప్పుకుంటున్న చెట్టు అది. అంటే ఒకే కాగితానికి ఒకవైపు మనిషి, రెండోవైపు ఆ మనిషి పేరు మోస్తున్న చెట్టు.

ఆ నోటు విషయంలో నాకు మరీ నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. 1928 నుంచి వస్తున్న ఆ బొమ్మను 1948లో మార్చారు. అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ దక్షిణ వసారాలో రెండో అంతస్తుకు ఒక బాల్కనీ కట్టించాడు కాబట్టి బొమ్మలో దాన్ని చేర్చవలసి వచ్చింది. ఆ చేర్చే పనిలో చెట్లను కూడా, మధ్యలో గడిచిన ఇరవై ఏళ్లలో అవి ఎంత పెరిగాయో అంత పెంచి చెక్కారు. కరెన్సీ మీద చెట్టు ఎదగడం మరే దేశంలోనైనా జరిగిందో లేదో గాని, ఇక్కడ మాత్రం జరిగింది.

ఆ మాగ్నోలియాను 2025 ఏప్రిల్ 7న నరికివేశారు. ఆ చెట్టు కథను, దానితోపాటు వైట్‌హౌస్ ఆవరణలో అధ్యక్షుల పేర్లతో, దేశాధినేతల పేర్లతో, దుర్ఘటనల పేర్లతో నిలిచి ఉన్న మరికొన్ని స్మారక వృక్షాల కథను ఈ వీడియోలో చెప్పుకుందాం. వీటి గురించి చదివినకొద్దీ నన్ను ఒక ప్రశ్న వదలలేదు. రాయితో కట్టిన స్మారకం కట్టినవాడు పోయినా అలాగే ఉంటుంది. చెట్టు అలా కాదు, అది ముసలిదవుతుంది, తొర్ర పడుతుంది, ఒకనాడు కూలిపోతుంది. కూలిపోక తప్పని ప్రాణిని ఎన్నుకొని దానికి జ్ఞాపకాన్ని అప్పగించినప్పుడు, ఆ జ్ఞాపకాన్ని నిజానికి మోస్తున్నది ఎవరు?

వైట్‌హౌస్ చుట్టూ ఉన్న ఆవరణ దాదాపు 18 ఎకరాలు. దాని నిర్వహణ అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంటుంది. అధ్యక్షుడు పదవిలో ఉండగా ఒక స్మారక వృక్షాన్ని నాటే ఆచారం 1870లలో రథర్‌ఫర్డ్ హేయ్స్ కాలంలో మొదలైందని చెబుతారు. అయితే చెట్ల పిచ్చి ఉన్న అధ్యక్షుడు అంతకు ముందే ఆ ఇంట్లో ఒకరు ఉన్నారు. ఆయన ఆరవ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్. తోటమాలి జాన్ ఔస్లీతో కలిసి తెల్లవారుజామునే తోటలో తిరగడం, గింజలు ఏరి తెచ్చి పాతడం, ఏ మొలక ఎప్పుడు పైకి వచ్చిందో దినచర్యలో రాసుకోవడం ఆయనకు అలవాటు. దక్షిణపు పచ్చికలో తూర్పు వైపు ఉన్న మిట్ట మీద ఆయన పేరుతో ఒక ఎల్మ్ చెట్టు ఉండేది. 1826లో నాటినదని దానికి పేరు.

ఇక్కడ కథ కొంచెం చిక్కబడుతుంది. ఆడమ్స్‌ను 1828 ఎన్నికల్లో ఓడించి వైట్‌హౌస్‌లోకి వచ్చినవాడే ఆండ్రూ జాక్సన్. అమెరికా చరిత్రలో నోటికి హద్దు లేకుండా జరిగిన ఎన్నికల్లో అది ఒకటి. జాక్సన్ భార్య రేచల్‌కు అంతకుముందు లూయిస్ రోబర్డ్స్ అనే అతనితో పెళ్లయింది. ఆ విడాకులు పూర్తయ్యాయనుకొని 1791లో ఆమె, జాక్సన్ పెళ్లి చేసుకున్నారు. తీరా అవి చట్టప్రకారం పూర్తి కాలేదని తరువాత తెలిసి, 1794లో మళ్లీ వివాహం చేసుకోవలసి వచ్చింది. ముప్పై నాలుగేళ్ల తరువాత ఆ పాత సంగతిని ఆడమ్స్ పక్షంవాళ్లు పత్రికలకెక్కించి, ఆమెను నడివీధిలో నిలబెట్టినంత పని చేశారు. జాక్సన్ గెలిచాడు. కాని పదవి స్వీకరించడానికి ముందే, 1828 డిసెంబరు 22న రేచల్ గుండె ఆగి చనిపోయింది. క్రిస్మస్ ముందురోజు, నాష్‌విల్ దగ్గర ఉన్న తమ సొంత ఎస్టేటు హెర్మిటేజ్ తోటలోనే ఆమెను ఖననం చేశారు. ఆ నిందలే తన భార్య ప్రాణం తీశాయని జాక్సన్ చివరిదాకా నమ్మాడు. 1829 మార్చి 4న జరిగిన ఆయన ప్రమాణస్వీకారానికి ఆడమ్స్ హాజరు కాలేదు.

హెర్మిటేజ్‌లో రేచల్‌కు ఇష్టమైన మాగ్నోలియా నుంచి మొక్క తెప్పించి జాక్సన్ వైట్‌హౌస్ దక్షిణ వసారా పక్కన నాటించాడన్నది ఆ తరువాతి కథ. ఇది తరతరాల నోటి మాటగా వచ్చినదే తప్ప, నాటిన రోజు, నాటిన చేయి పేర్కొన్న దస్తావేజు బలంతో నిలబడ్డది కాదు. అయినా ఆ ఇంట్లోవాళ్లు దాన్ని వదులుకోలేదు, వదులుకోరు కూడా. ఆడమ్స్ ఎల్మ్ మిట్ట మీద, జాక్సన్ మాగ్నోలియా గోడ పక్కన, ఒకరి ముఖం ఒకరు చూడనొల్లని ఇద్దరు మనుషుల పేర్లతో ఒకే పచ్చికలో నూట యాభై ఏళ్లకు పైగా ఎదురెదురుగా నిలిచాయి. వాటి కింద గడిపిన తరాలవాళ్లలో ఈ వైరం ఎంతమందికి గుర్తుండి ఉంటుందో చెప్పలేం. చెట్టు పేరు ఉంచుతుంది గాని పగ ఉంచదు.

ఈ మాగ్నోలియా మనకు మరీ పరాయిది కాదు. వృక్షశాస్త్రం ప్రకారం మన సంపెంగ కూడా మాగ్నోలియా ప్రజాతికి చెందినదే. సింహాచలం కొండ మీద సంపెంగలు ఏరినవాళ్లకు ఆ పువ్వు రేకుల మందం, ఆ ఘాటు వాసన తెలిసే ఉంటాయి. వైట్‌హౌస్ చెట్టు దక్షిణ మాగ్నోలియా అనే జాతిది. ఏ కాలంలోనూ ఆకు రాల్చి మోడుగా నిలవదు. ఆకు పైవైపు నూనె రాసినట్టు మెరుస్తుంది, అడుగున గోధుమరంగు నూగు ఉంటుంది. పువ్వు తెల్లగా, మన పళ్లెం అంత పెద్దగా విచ్చుకుంటుంది. అమెరికా ఆగ్నేయ తీరపు మైదానాలు దీని పుట్టిల్లు. మిసిసిపీ, అలబామా ప్రాంతాల అడవుల్లో ఇది తనంత తానుగా పెరుగుతుంది.

ఆ పుట్టింటి మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పకుండా ముందుకు పోవడం సరి కాదు. జాక్సన్ 1830 మే 28న ఇండియన్ రిమూవల్ చట్టం మీద సంతకం చేశాడు. ఆ చట్టం అండతోనే చాక్టా, క్రీక్, చెరోకీ వంటి మూలవాసి ప్రజలను వాళ్ల సొంత నేలల నుంచి మిసిసిపీ నదికి అవతలికి తరలించారు. ఆ దారిలో చలికీ ఆకలికీ వ్యాధులకూ వేలమంది చనిపోయారు. మాగ్నోలియా అడవిచెట్టుగా పెరిగే నేలల్లో చాలా భాగం ఆ తరలిపోయినవాళ్లదే. హెర్మిటేజ్ ఎస్టేటు నడిచింది కూడా బానిసల శ్రమ మీదే. భార్య మీది ప్రేమకు గుర్తుగా ఈ చెట్టును చూపించే వాళ్లను నేను తప్పు పట్టను, ఆ దుఃఖం నిజమైనదే. కాని స్మారక వృక్షం నీడ ఎప్పుడూ నాటినవాడు కోరుకున్న వైపే పడుతుంది. మిగిలిన వైపు ఏముందో మనమే వెతుక్కోవాలి.

ఇక ఆ చెట్టు ఆరోగ్యం సంగతికి వద్దాం, నా దృష్టిలో అసలు కథ ఇదే. 1970లలో దాని ప్రధాన మానుల్లో ఒకదాన్ని తీసివేయవలసి వచ్చింది. అక్కడ ఏర్పడిన గాయాన్ని, తొర్రను సిమెంటుతో పూడ్చారు. ఆ రోజుల్లో అది మంచి వైద్యమే అనుకునేవారు, పంటిలో పుచ్చుకు పూత పెట్టినట్టు. కాని చెట్టు పన్ను కాదు. గాయమైన చోటును చెట్టు తనంతట తానే లోపల గోడలు కట్టినట్టు వేరు చేసుకొని, కుళ్లు పక్కకు పాకకుండా ఆపుకుంటుంది. గాలికి కాండం ఊగుతుంది, సిమెంటు ఊగదు. ఆ రెండింటి మధ్య సందు ఏర్పడి నీరు చేరి నిలుస్తుంది. 1981లో ఆ సిమెంటును తీసివేసేసరికి లోపల చెక్క బాగా పాడైపోయి కనిపించింది. ఇక చెట్టును నిలబెట్టడానికి ఒక పెద్ద ఉక్కు స్తంభాన్ని పాతి, ఉక్కు తాళ్లతో కొమ్మలను దానికి కట్టారు. నోటు మీద నిటారుగా కనిపించిన చెట్టు ఆనాటి నుంచి ఊతకర్ర మీద బతికింది.

1994 సెప్టెంబరు 12 తెల్లవారుజామున ఒక చిన్న సెస్నా విమానం దక్షిణపు పచ్చిక మీదికి దూసుకువచ్చి, నేల మీద జారి, మాగ్నోలియాకు తగిలి, భవనం గోడ దగ్గర ఆగిపోయింది. విమానం నడిపిన వ్యక్తి అక్కడే చనిపోయాడు. ఇంటి మరమ్మతుల కారణంగా అధ్యక్షుడు బిల్ క్లింటన్ కుటుంబం ఆ రాత్రి వీధికి అవతల ఉన్న బ్లెయిర్ హౌస్‌లో నిద్రపోతోంది. చెట్టు ఆ దెబ్బ కూడా తట్టుకుంది.

2017 చివరిలో అమెరికా జాతీయ వృక్షవనం నిపుణులు దాన్ని పరీక్షించి, ఇది పూర్తిగా కృత్రిమ ఆధారాల మీదే నిలబడి ఉందని, ఆ తాళ్లే లేకుంటే ఎన్నో ఏళ్ల కిందటే కూలిపోయేదని తేల్చారు. అధ్యక్షుడి హెలికాప్టర్ దిగేది ఆ పచ్చికలోనే. దాని రెక్కల గాలికి కొమ్మ విరిగితే ఆ పక్కనే నిలబడే విలేకరులకూ సందర్శకులకూ ప్రమాదం. అప్పుడు మెలానియా ట్రంప్ అనుమతితో పెద్ద భాగాన్ని కొట్టివేశారు. మిగిలినది 2025 ఏప్రిల్ దాకా నిలిచింది. దాన్ని కూడా తొలగించి, ఆ చెట్టు సంతతికే చెందిన మొక్కను దాని స్థానంలో నాటారు.

నరికివేతకు చాలా ఏళ్ల ముందు నుంచే ఆ చెట్టు పిల్లలను ఉద్యాన సిబ్బంది పెంచి సిద్ధంగా ఉంచుకున్నారు. అయితే పిల్ల అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. గింజ నుంచి మొలిచిన మొక్కకు తల్లి ఒక చెట్టయితే పుప్పొడి ఇచ్చిన చెట్టు వేరే కావచ్చు, కాబట్టి అది నిజంగా బిడ్డే. కొమ్మ గుచ్చి వేరు పోయించినా, అంటు కట్టినా వచ్చేది బిడ్డ కాదు, అదే చెట్టు. ఇది మన మామిడి రైతులకు విడమరిచి చెప్పనక్కరలేదు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి వస్తుందన్న భరోసా లేదు, అంటు కడితేనే వస్తుంది. ఆ లెక్కన ఈ రోజు ఉన్న బంగినపల్లి చెట్లన్నీ ఒకే చెట్టు విడివిడిగా నిలబడి ఉండడమే. ఆడమ్స్ ఎల్మ్ విషయంలోనూ ఇలాంటి ముందుచూపే పనిచేసింది. 1991లో ఆ ముసలి ఎల్మ్‌ను తీసివేయవలసి వచ్చినప్పుడు, దాని నుంచే పెంచిన మొక్కను అదే మిట్ట మీద ఆనాటి ప్రథమ మహిళ బార్బరా బుష్ నాటారు. బోధిచెట్టు విషయంలో మనవాళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు. బుద్ధగయలో ఇప్పుడు మొక్కులందుకుంటున్న రావి 1881లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ నాటించినది. దాన్ని చూసి ఇది ఆ బోధి కాదని తిరిగి వెళ్లిపోయే భక్తుడు ఎవరూ ఉండరు.

జాక్సన్ మాగ్నోలియా సంతానం దేశాలు కూడా దాటింది. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ అనే ఓడ మునిగి 304 మంది ప్రాణాలు పోయాయి. వారిలో అత్యధికులు ఆన్సాన్ పట్టణంలోని డాన్‌వన్ ఉన్నత పాఠశాల నుంచి విహారయాత్రకు బయలుదేరిన పిల్లలు. ఆ తరువాత తొమ్మిది రోజులకే సియోల్ వెళ్లిన అధ్యక్షుడు ఒబామా, వైట్‌హౌస్ మాగ్నోలియా మొక్క ఒకటి ఆ పాఠశాలకు ఇచ్చాడు. భార్యను పోగొట్టుకున్న మనిషి నాటిన చెట్టు బిడ్డ, బిడ్డలను పోగొట్టుకున్న ఊరికి చేరింది. దౌత్య బహుమతుల్లో ఇంత ఔచిత్యం ఉన్నది నాకు మరొకటి తట్టడం లేదు.

అన్ని బహుమతులూ ఇంత సాఫీగా సాగలేదు. 2013 మార్చిలో ఒబామా జెరూసలేం వెళ్లినప్పుడు ఇజ్రాయెల్ అధ్యక్షుడు షిమోన్ పెరెస్ అధికార నివాసంలో ఇద్దరూ కలిసి ఒక మాగ్నోలియా మొక్క నాటారు. విదేశీ మొక్కల వెంట తెగుళ్లు వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి, వేడుక ముగిశాక వ్యవసాయ శాఖవాళ్లు పరీక్షల కోసం దాన్ని తవ్వి తీసుకువెళ్లవలసి వచ్చింది. ఐదేళ్లకు అదే ముచ్చట తిరిగి వైట్‌హౌస్ పచ్చికలోనే జరిగింది. 2018 ఏప్రిల్ 23న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఒక ఓక్ మొక్క తెచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 జూన్‌లో అమెరికన్ మెరైన్లు పోరాడి పెద్ద సంఖ్యలో మరణించిన బెలో అడవిలో మొలిచిన మొక్క అది. ట్రంప్, మాక్రాన్ ఇద్దరూ సూట్లు వేసుకొని, బంగారు రంగు పారలతో మట్టి వేస్తున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. కొద్ది రోజులకే ఆ చోట మొక్క లేదు, ఎండిన గడ్డి వలయం ఒకటి మిగిలింది. క్వారంటైన్ నిబంధన కింద దాన్ని తీసివేశారని, నాటినప్పుడు కూడా వేళ్ల చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉందని ఫ్రెంచి రాయబారి వివరణ ఇచ్చాడు. అంటే ఫొటో తీసిన నిమిషంలో కూడా ఆ ఓక్ వేళ్లకు అమెరికా మట్టి తగలలేదన్నమాట. మరుసటి ఏడాది అది క్వారంటైన్‌లోనే చనిపోయిందన్న వార్త వచ్చింది. మరో మొక్క పంపుతానని మాక్రాన్ చెప్పాడు.

ఇక్కడ మన బడి పుస్తకాల్లోని వాక్యం ఒకటి గుర్తుకు వస్తుంది. అశోకుడు రోడ్లకు ఇరువైపులా చెట్లు నాటించెను. నాటెను అని కాదు, నాటించెను అని. తెలుగు వ్యాకరణం ఆ ఒక్క ప్రత్యయంలో చెప్పవలసినదంతా చెప్పేసింది. వైట్‌హౌస్ స్మారక వృక్షాలకు కూడా గొయ్యి ముందే తవ్వి ఉంటుంది, మొక్క ముందే దింపి ఉంటుంది, పాదు ముందే కట్టి ఉంటుంది. అధ్యక్షుడి వంతు రెండు పారల మట్టి. మిగిలిన ముప్పై, నలభై ఏళ్ల నీరు, ఎరువు, కత్తిరింపు, తుఫాను రాత్రుల కాపలా మరెవరివో.

ఆ మరెవరికో పేర్లు ఉన్నాయి. ఇర్విన్ విలియమ్స్ కెనెడీ కాలంలో ఆ ఆవరణ బాధ్యతలోకి వచ్చి 2008 దాకా ఉన్నాడు. ఆయన తరువాత ఆ పదవి అందుకున్న డేల్ హేనీ 1972లోనే అక్కడ పనిలో చేరినవాడు. నిక్సన్ నుంచి బైడెన్ వరకు పదిమంది అధ్యక్షులు వచ్చి వెళ్లారు, ఆయన మాత్రం ఆ చెట్ల మధ్యే ఉన్నాడు. 2022 అక్టోబరులో ఆయన సేవ యాభై ఏళ్లు నిండిన సందర్భంగా అధ్యక్షుడు బైడెన్, జిల్ బైడెన్ ఆయన గౌరవార్థం దక్షిణపు పచ్చికలో ఒక అమెరికన్ ఎల్మ్ నాటారు. ఆ ఆవరణలో అధ్యక్షుల పేర్లతో ఎన్నో చెట్లు ఉన్నాయి గాని, నాకు ఎంచుకొనే అవకాశం ఇస్తే ముందు చూడాలనిపించేది ఆ తోటమాలి చెట్టే.

తక్కినవాటిని కొంచెం వేగంగా చూద్దాం. బెంజమిన్ హారిసన్ పేరిట 1889 నాటి స్కార్లెట్ ఓక్ ఉంది. ఫ్రాన్సెస్ క్లీవ్‌లండ్ పేరిట 1893 నాటి, సన్నని ఆకుల జపనీస్ మేపుల్ ఉంది. జిమ్మీ కార్టర్ తన సొంతూరు జార్జియాలోని ప్లెయిన్స్ నుంచి ఎర్ర మేపుల్ తెప్పించి 1977లో నాటాడు. ఆయనే కూతురు ఎమీ కోసం దేవదారు జాతికి దగ్గరిదైన అట్లాస్ సీడర్ చెట్టు కొమ్మల మధ్య ఒక ఆటల మంచె గీసి కట్టించాడు. ఆ మంచె చెట్టుకు మేకు కొట్టకుండా తన సొంత కాళ్ల మీదే నిలిచేది. 1937లో ఆరవ జార్జి రాజు పట్టాభిషేకానికి గుర్తుగా నాటిన లిండెన్ చెట్టు పోగా, దాని స్థానంలో 1991 మే 14న ఆయన కూతురు రెండవ ఎలిజబెత్ రాణి మరో లిండెన్ నాటారు. తండ్రి పేరిట ఉన్న చెట్టు పోతే కూతురు వచ్చి ఇంకొకటి నాటడం, ఆ కూతురు ఒక దేశానికి రాణి కావడం చెట్ల చరిత్రలో అరుదైన సంగతే.

వీటన్నిటిలో నేను ఆగిపోయేది ఒక డాగ్‌వుడ్ దగ్గర. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలోని ప్రభుత్వ భవనాన్ని బాంబుతో పేల్చివేశారు. 168 మంది చనిపోయారు. వారిలో 19 మంది పసిపిల్లలు, ఎక్కువమంది ఆ భవనంలోనే ఉన్న శిశు సంరక్షణ కేంద్రంలో ఉన్నవాళ్లు. ఏప్రిల్ 23న సంతాపసభకు విమానం ఎక్కబోయే ముందు క్లింటన్ దంపతులు దక్షిణపు పచ్చికలో ఒక తెల్ల డాగ్‌వుడ్ నాటారు. అది చిన్న చెట్టు, నీడకు పెద్దగా పనికిరాదు. వసంతంలో ఆకు కంటే ముందు తెల్లగా పూస్తుంది.

కూలిపోయిన వాటి లెక్క కూడా ఉంది. 2006 జూన్‌లో పెద్ద వాన కురిసిన రాత్రి, ఉత్తర ద్వారం వైపు నూరేళ్లు దాటిన ఒక ఎల్మ్ కూలి దారి మీద పడింది. కొత్త ఇరవై డాలర్ల నోటు వెనుక వైట్‌హౌస్ ఉత్తర ముఖం ఉంటుందని చెప్పలేదు కదూ, ఆ బొమ్మలో కనిపించే చెట్టు అదేనని ఆనాటి పత్రికలు రాశాయి. అంటే పాత నోటు మీది చెట్టూ లేదు, కొత్త నోటు మీది చెట్టూ లేదు. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ దంపతులు అక్కడ మరో ఎల్మ్ నాటారు. 2025 అక్టోబరులో నృత్యశాల కట్టడం కోసం తూర్పు విభాగాన్ని కూల్చినప్పుడు ఆ వైపు ఉన్న స్మారక మాగ్నోలియాలు కూడా పోయాయని, ఉపగ్రహ చిత్రాలు చూసి పత్రికలు రాశాయి. తుఫాను కూల్చిన దానికి ఎవరినీ అడగలేం. మనుషులు తొలగించిన దాని విషయంలో మాత్రం ఏ చెట్టు, ఏ పేరు, ఎందుకు అని ముందుగా చెప్పి చేసి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

నాటించిన చెట్ల గురించి ఇంతసేపు మాట్లాడాక, ఎవరు నాటారో ఎవరికీ పట్టని ఒక చెట్టు కూడా గుర్తుకు రాక మానదు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టు కొమ్మలు పట్టుకొని ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలోనే తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకొని ఒంటరిగా మిగిలిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ పేరు కూడా ఆ రోజుతో ముడిపడి ఉంది. ఆ చింతకు బంగారు పార లేదు, ఫొటో లేదు, ముహూర్తం లేదు. ప్రతి ఏడాది సెప్టెంబరు 28న కొందరు నగరవాసులు అక్కడికి వెళ్లి, దాని కింద నిలబడి ఆ వరదను తలచుకుంటారు. వైట్‌హౌస్ చెట్లు జ్ఞాపకం కోసం నాటినవి, ఈ చింత నాటిన తరువాత ఎన్నాళ్లకో జ్ఞాపకంగా మారినది. కాని రెండు చోట్లా చెట్టుకు కావలసినది ఒకటే, వేళ్ల చుట్టూ కాంక్రీటు పోయకుండా కాస్త నేల వదలడం.

వాషింగ్టన్ చుట్టుపక్కల వర్జీనియా, మేరీలండ్ ప్రాంతాల్లో ఉంటున్న మనవాళ్లు చాలామంది ఈ వీడియో చూస్తున్నారు కాబట్టి ఒక మాట. 1972లో ప్యాట్ నిక్సన్ ప్రారంభించిన ఆనవాయితీగా, వసంతంలోనూ శరత్తులోనూ కొన్ని రోజులు వైట్‌హౌస్ తోటలను ప్రజలకు తెరుస్తారు. ప్రవేశం ఉచితం, టికెట్ మాత్రం ఉండాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు కంచె బయటి నుంచి ఫొటో తీసి వెనుదిరిగే బదులు, ఆ రోజులు చూసుకొని లోపలికి తీసుకువెళ్లండి. దక్షిణపు పచ్చికలో తూర్పు మిట్ట మీద ఎల్మ్ ఉంటుంది, 1991లో బార్బరా బుష్ నాటిన ఆడమ్స్ చెట్టు వారసురాలు అది. అక్కడి నుంచి భవనం వైపు తిరిగి, వసారా స్తంభాలకు ఎడమ పక్కన చూస్తే, పెద్ద చెట్టు కోసం వెతికే కళ్లకు వెంటనే ఆనని ఒక చిన్న మాగ్నోలియా ఉంటుంది. ఆకు అడుగున గోధుమరంగు నూగు చూసి గుర్తుపట్టవచ్చు.